ఆకాశం నుంచి రాలిన రాయికి ఇంటిపేరు ఎలా పెడతారు?



బియ్యం చాటలో పోసుకొని రాళ్ళు ఏరడం మనలో ఎవరికీ కొత్త కాదు. తెల్లటి బియ్యంలో నల్లటి బెడ్డ చప్పున కంటికి ఆనుతుంది. అదే బెడ్డ ఉలవల్లోనో, మినుముల్లోనో పడిందనుకోండి, ఎంత చూపున్న వాళ్ళకైనా వెతకడం కష్టమే. సరిగ్గా ఈ కిటుకు మీదనే ఒక పెద్ద శాస్త్రం నడుస్తోందంటే నమ్ముతారా? భూమికి దక్షిణాన చిట్టచివర అంటార్కిటికా అనే మంచు ఖండం వుంది. అక్కడ తెల్లటి మంచు మీద నల్లటి రాళ్ళు ఏరడానికి దేశదేశాల శాస్త్రజ్ఞులు, వారిలో ఎందరో స్త్రీలు, గడ్డకట్టే చలిలో నెలల తరబడి గుడారాల్లో వుంటారు. ఆ రాళ్ళు భూమి మీద పుట్టినవి కావు. ఆకాశం నుంచి రాలినవి. వాటిని ఉల్కాశిలలు అంటాం.

ఉల్కాశిల అంటే ఏమిటో ముందుగా రెండు ముక్కల్లో చెప్పుకుందాం. రాత్రిపూట డాబా మీద పడుకున్నప్పుడు, చుక్క ఒకటి జారిపోయినట్టు కనిపిస్తుంది కదూ? అది చుక్క కాదు. ఇసుక రేణువంత, మహా అయితే చింతగింజంత రాయి. సెకనుకు పది పదిహేను కిలోమీటర్లకు మించిన వేగంతో గాలిలోకి దూసుకొచ్చి, ఆ వేడికి వెలిగి ఆవిరైపోతుంది. ఏ కొద్ది రాళ్ళో పెద్దవి అయినప్పుడు పూర్తిగా కాలిపోకుండా నేలకు చేరుతాయి. వీటిలో చాలా మటుకు అంగారక గ్రహానికీ, గురు గ్రహానికీ నడుమ తిరిగే చిన్న గ్రహాల తునకలు. చాలా అరుదుగా చంద్రుడి నుంచో, అంగారకుడి నుంచో విరిగి వచ్చినవి కూడా వుంటాయి.

మన గడ్డ మీద పడలేదా అంటే, పడ్డాయి. 1852లో నెల్లూరు దగ్గర యాటూరులో ఒక రాయి పడింది. 1870లో అప్పటి విశాఖపట్నం జిల్లాలోని నెడగొల్లలో ఇంకొకటి పడింది. మొదటిది రాతి జాతి, రెండోది ఇనుప జాతి. ఈ తేడా సంగతి మళ్ళీ చెప్తాను.

మరి భూమి అంతటా పడే రాళ్ళ కోసం అంత దూరం మంచులోకి పోవడం దేనికి? ఉల్కాశిలలు అక్కడ ఎక్కువ పడతాయని కాదు. అక్కడ పడినవి పాడుకాకుండా వుంటాయి, పైగా ఒకచోట పోగవుతాయి. మా చొప్పదండి చేలల్లో ఒక రాయి పడిందనుకోండి. నాలుగు వానాకాలాలు గడిచేసరికి తుప్పు పడుతుంది. దుక్కిలో కలిసిపోతుంది. చుట్టూ వున్న గుట్టల రాళ్ళలో రాయైపోతుంది. అంటార్కిటికాలో వాన లేదు, దుక్కి లేదు. రాయి మంచులో కూరుకుపోయి వేల ఏళ్ళు అలాగే వుంటుంది. ఆ మంచు కదలకుండా వుండదు సుమండీ. మనకు కనిపించనంత నెమ్మదిగా సముద్రం వైపు జారుతూనే వుంటుంది. దారిలో కొండ అడ్డం వస్తే, కట్ట దగ్గర చెరువు నీళ్ళు ఆగినట్టు ఆగిపోతుంది. అక్కడ వీచే పొడి గాలి మంచును పైపైన కొద్దికొద్దిగా ఆవిరి చేస్తూ గీకేస్తుంది. మనం చెరుగుతున్నప్పుడు పొట్టు ఎగిరిపోయి గింజ నిలిచినట్టు, మంచు పోయి రాళ్ళు పైన తేలుతాయి. అలాంటి చోట్లను నీలి మంచు మైదానాలంటారు.

అంటార్కిటికాలో మొదటి ఉల్కాశిల 1912 డిసెంబరులో దొరికింది. ఆస్ట్రేలియా నుంచి వెళ్ళిన అన్వేషక బృందంలోని ఫ్రాంక్ బికర్టన్ జట్టుకు మంచు మీద నల్లటి రాయి ఒకటి కనిపించింది. దాదాపు కిలో బరువు. ఆ తరువాత చాలా కాలం ఎవరూ పనిగట్టుకొని వెతకలేదు. 1969లో జపాను శాస్త్రజ్ఞులు యమాటో పర్వతాల దగ్గర మంచును కొలిచే పని మీద వెళ్ళి, తొమ్మిది రాళ్ళు ఏరుకొచ్చారు. అన్నీ దగ్గరదగ్గరనే దొరికాయి గనుక ఒకే రాయి తునకలై వుంటాయని ఎవరైనా అనుకుంటారు. పరీక్షిస్తే అవి వేరువేరు జాతులవని తేలింది! అంటే వేరువేరు కాలాల్లో, వేరువేరు చోట్ల పడినవాటిని మంచే మోసుకొచ్చి ఒకచోట చేర్చిందన్నమాట. ఈ సంగతి తెలిశాక 1976 నుంచి అమెరికా వారు విలియం కాసిడీ నాయకత్వాన ఏటేటా వెతకడం మొదలుపెట్టారు. ఇవాళ ప్రపంచంలో వున్న ఉల్కాశిలల్లో సగానికి మించి అంటార్కిటికా నుంచి వచ్చినవే.

ఇక రాయి కనిపించిందనుకోండి, గబుక్కున చేత్తో తీయరు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? ఇదీ అంతే. చేతి చెమట, ముక్కు నుంచి కారే చుక్క, మోటారు బండి పొగ, ఏది తగిలినా రాయిలో లేనిది వచ్చి చేరుతుంది. రేపు ప్రయోగశాలలో ఆ రాయిలో ఫలానా పదార్థం వుందని తేలితే, అది ఆకాశం నుంచి వచ్చిందా, ఏరిన వారి చేతి నుంచి వచ్చిందా అన్న సందేహం తీరదు. అందుకని ముందు రాయి వున్న చోటనే, పక్కన కొలబద్ద, నంబరు పెట్టి ఫొటో తీస్తారు. శుభ్రమైన పటకారుతో ఎత్తి, శుభ్రమైన సంచిలో వేసి మూతి బిగిస్తారు. దొరికిన స్థలం గుర్తు రాసుకుంటారు. ఆ సంచీ గడ్డకట్టిన స్థితిలోనే ఓడ మీద అమెరికాలోని హ్యూస్టన్ నగరానికి చేరుతుంది. అక్కడ తడి లేని నత్రజని వాయువు నింపిన గాజు బీరువాలో, చేతికి తొడుగులతో దాన్ని విప్పుతారు. రాయి మీది మంచు నీరై ఇంకకుండా, అలాగే ఆవిరై పోవాలని ఇంత జాగ్రత్త.

ఇప్పుడు వర్ణన మొదలవుతుంది. పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళు పిల్ల గురించి చెప్పినట్టు, రాయి గురించి పద్ధతిగా రాస్తారు. బరువెంత, పొడవు వెడల్పులెంత, రంగేమిటి, పగుళ్ళు ఎన్ని. అన్నిటికంటే ముందు చూసేది పైన నల్లటి పొర వుందా అని. గాలిలో దూసుకొచ్చేటప్పుడు పై భాగం కరిగి, చల్లారి, గుడ్డు పెంకులాగా పలుచటి పొర కడుతుంది. దాని మందం సాధారణంగా ఒక మిల్లీమీటరుకు మించదు. లోపలి రాయికి మాత్రం ఆ వేడి తగలదు. పెనం మీద మాడిన రొట్టెను విరిచి చూస్తే లోపల తెల్లగా వున్నట్టు, పైన నల్లగా, లోపల బూడిదరంగుగా వుంటుంది. తుప్పు ఎంత పట్టిందో చెప్పడానికి ఏ, బీ, సీ అని మూడు తరగతులు. ఏ అంటే కొద్దిగా, సీ అంటే బాగా. పగుళ్ళకూ ఇలాగే మూడు తరగతులు.

రాయికి పేరు కూడా పద్ధతిగానే పెడతారు. దొరికిన చోటు పేరు, ఆ అన్వేషణ జరిగిన సంవత్సరం, ఆపైన వరుస నంబరు. ఉదాహరణకు ఏ.ఎల్.హెచ్. 84001 అంటే, అలన్ హిల్స్ అనే కొండల దగ్గర 1984 సంవత్సరపు యాత్రలో దొరికిన రాళ్ళలో ఒకటో నంబరుదని అర్థం. ఈ నంబరు గుర్తు పెట్టుకోండి, దీనికొక పెద్ద కథ వుంది.

వర్ణన అయ్యాక వర్గీకరణ. పప్పుల డబ్బాల మీద చీటీలు అంటించినట్టే అనుకోండి. ఉల్కాశిలలు మూడు పెద్ద తెగలు. రాతివి, ఇనుపవి, రాయీ ఇనుమూ కలిసినవి. కళ్ళ ముందే పడగా దొరికిన వాటిలో నూటికి తొంభైకి పైగా రాతివే. ఈ రాతి జాతిలో మళ్ళీ రెండు శాఖలు. ఒక శాఖవి పుట్టినప్పటి నుంచీ కరగనివి. మరో శాఖవి చిన్న గ్రహాల లోపలో, చంద్రుడి మీదో ఒకసారి పూర్తిగా కరిగి మళ్ళీ గట్టిపడినవి.

కరగని రాళ్ళను ఎలా గుర్తిస్తారు? రాయిలో ఒక చిన్న ముక్క కోసి, దాన్ని అరగదీసి అరగదీసి మిల్లీమీటరులో నూరింట మూడు వంతుల మందానికి తెస్తారు. అంత పలుచనైతే రాయిలోంచి వెలుతురు వస్తుంది. సూక్ష్మదర్శిని కింద పెడితే గసగసాలంత గుండ్రటి గింజలు కనిపిస్తాయి. సకినం విరిచినప్పుడు పిండిలో నువ్వులు కనిపించినట్టు వుంటుందా దృశ్యం. ఈ గింజలను కాండ్రూల్సు అంటారు. ఈ గింజలున్న రాళ్ళను కాండ్రైట్లు అంటారు. సూర్యుడు పుట్టిన కొత్తలో, భూమి ఇంకా తయారు కాకముందు, ఆకాశంలో తేలే ధూళి కరిగి బొట్లు బొట్లుగా గట్టిపడగా ఏర్పడినవి ఇవి. వాటి వయస్సు సుమారు 456 కోట్ల సంవత్సరాలు. మన కరీంనగర్ గుట్టల గ్రానైటు రాళ్ళు ఎంతో పాతవని గొప్పగా చెప్పుకుంటాం. వాటి వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఈ గింజల ముందు అవి నిన్నమొన్నటివే.

ఇక్కడి నుంచి రాయికి ఇంటిపేరు, అసలు పేరు రెండూ తేలాలి. ఇంటిపేరు ఇనుమును బట్టి వస్తుంది. మామూలు కాండ్రైట్లలో మూడు ఇళ్ళు. ఇనుము ఎక్కువైతే హెచ్, తక్కువైతే ఎల్, మరీ తక్కువైతే ఎల్.ఎల్. హెచ్ ఇంటి రాయిలో లోహపు రేణువులే బరువులో సుమారు 15 నుంచి 20 శాతం దాకా వుంటాయి. ఎల్ ఇంట్లో పది శాతానికి అటూ ఇటూ. ఎల్.ఎల్. ఇంట్లో ఇంకా తక్కువ. లోహం ఒక్కటే కాదు, ఆలివిన్ అనే ఆకుపచ్చటి ఖనిజంలో ఎంత ఇనుము చేరిందో కూడా యంత్రంతో కొలిచి, అప్పుడు గాని ఇల్లు ఖాయం చేయరు.

ఇక అసలు పేరు అంకెతో వస్తుంది. అది రాయి తన పుట్టింట్లో, అంటే ఆ చిన్న గ్రహం లోపల, ఎంత ఉడికిందో చెప్పే అంకె. మూడు నుంచి ఆరు దాకా వేస్తారు. కందిపప్పు ఉడకడం తలుచుకోండి. పొయ్యి మీద పెట్టిన కొత్తలో పలుకు పలుకుగా వుంటుంది, ఏ పలుకుకు ఆ పలుకే. అది మూడు. కాస్త ఉడికాక అంచులు మెత్తబడతాయి. అది నాలుగు. ఇంకాస్త ఉడికితే పలుకులు కలిసిపోతున్నట్టుంటాయి గాని జాడ తెలుస్తుంది. అది ఐదు. ముద్దపప్పైపోయి పలుకు జాడ వెతకాల్సి వస్తే, అది ఆరు. రాళ్ళలో గింజల సంగతీ ఇదే. నీళ్ళు తగిలి మారిన రాళ్ళకు ఒకటి, రెండు అంకెలు వేస్తారు. అవి వేరే ఇళ్ళవి.

ఇప్పుడు మన యాటూరు రాయి దగ్గరకు వద్దాం. దాని పేరు హెచ్ 5. అంటే ఇనుము ఎక్కువున్న ఇంటిది, బాగానే ఉడికింది గాని గింజల జాడ ఇంకా పోలేదు. చూశారా, ఆ రెండక్షరాలతో నెల్లూరు రాయి చరిత్ర సగం తెలిసిపోయింది! అంటార్కిటికా మంచులో దొరికిన వేల రాళ్ళలో హెచ్ 5 జాతివి బోలెడున్నాయి. వాటికీ మన యాటూరు రాయికీ దగ్గరి చుట్టరికం వుంది. నెడగొల్లలో పడింది మాత్రం ఇనుప తెగది. దానిలో గింజలూ లేవు, రాయీ లేదు, నికెలు కలిసిన ఇనుమే.

చీటీ సరిగ్గా అంటించకపోతే ఏమవుతుందో, ఇందాక గుర్తు పెట్టుకోమన్న 84001 నంబరు రాయి కథ చెబుతుంది. 1984 డిసెంబరు 27న రాబర్టా స్కోర్ అనే ఆమెకు అది మంచు మీద కనిపించింది. బరువు 1.93 కిలోలు. మంచు మీద ఆమె కంటికి ఆకుపచ్చగా కనిపించి, ఇదేదో వేరుగా వుందే అనిపించింది. ఆ యేటి రాళ్ళలో దానికే మొదటి నంబరు ఇచ్చారు. ప్రయోగశాలలో చిన్న ముక్క చూసి, ఒక చిన్న గ్రహం నుంచి వచ్చే డయోజినైటు అనే రకం కింద జమకట్టి బీరువాలో పెట్టేశారు. చీటీ అంటించాక ఇక ఎవరు చూస్తారు? దాదాపు తొమ్మిదేళ్ళు అది ఆ పేరుతోనే వుండిపోయింది. 1993లో డేవిడ్ మిటిల్‌ఫెల్ట్ అనే శాస్త్రజ్ఞుడు డయోజినైట్లను పరిశీలిస్తూ, దీనిలోని ఖనిజాలు ఆ జాతికి పొసగడం లేదని గమనించాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది. అది అంగారక గ్రహపు రాయి! దాని వయస్సు 400 కోట్ల ఏళ్ళకు పైమాటే. అంగారకుడి మీద ఏదో పెద్ద దెబ్బ తగిలి 1.6 కోట్ల ఏళ్ళ కిందట ఎగిరి పడి, సుమారు 13,000 ఏళ్ళ కిందట మంచులో దిగింది.

1996లో దానిలో ఒకప్పటి సూక్ష్మజీవుల ఆనవాళ్ళు వున్నాయని కొందరు శాస్త్రజ్ఞులు ప్రకటించేసరికి ప్రపంచమంతా గొల్లుమంది. అమెరికా అధ్యక్షుడే ఆ విషయం మాట్లాడారు. తరువాతి పరిశోధనల్లో, జీవులు లేకుండానే నీళ్ళూ రాళ్ళూ కలిసి అలాంటి గుర్తులు కలిగించగలవని తేలింది. ఇప్పుడు ఎక్కువమంది ఆ మాటే అంటున్నారు. అయినా ఆ రాయి పుణ్యమా అని, వేరే గ్రహం మీద జీవం వుందా అని వెతికే శాస్త్రానికి కొత్త ఊపు వచ్చింది. ఒక స్త్రీ కంటికి 'ఇది వేరు' అనిపించడం, ఒక మనిషి పాత చీటీని నమ్మకుండా మళ్ళీ చూడడం, ఈ రెండూ లేకపోతే అది ఇంకా బీరువాలోనే వుండేది.

మన దేశపు ఆడవాళ్ళూ ఆ మంచు మీద అడుగు పెట్టారని మీకు తెలియాలి. 1983లో బయలుదేరిన మూడవ భారత యాత్రలో సుదీప్తా సేన్‌గుప్తా, అదితి పంత్ వెళ్ళారు. అంటార్కిటికా చేరిన మొదటి భారతీయ స్త్రీలు వారే. సుదీప్త గారు భూగర్భ శాస్త్రజ్ఞురాలు, అక్కడి షిర్మాకర్ కొండల రాళ్ళను పరిశీలించారు. ఛండీగఢ్‌లో చదువుకొని అమెరికాలో స్థిరపడిన మీనాక్షీ వాధ్వా అంటార్కిటికాకు వెళ్ళి ఉల్కాశిలలు ఏరారు, అంగారక శిలల మీద పరిశోధనలు చేశారు. మన హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ వారు అక్కడి మైత్రి కేంద్రంలో భూకంపాలను నమోదు చేసే యంత్రాలు నడుపుతున్నారు.

ఇదంతా మన ఇంటికి ఏం సంబంధం అంటారేమో. సంబంధం వుంది. మా చొప్పదండి వైపు గాని, జగిత్యాల, నిర్మల వైపు గాని చేలల్లో నల్లగా, బరువుగా వుండే రాళ్ళు దొరుకుతుంటాయి. 'ఇది పిడుగు రాయి, ఆకాశం నుంచి పడింది' అని చాలామంది అంటుంటారు. వాటిలో ఎక్కువ మటుకు ఇనుప చిట్టెం. మన ఉత్తర తెలంగాణలో వందల ఏళ్ళు ఇనుము, ఉక్కు కరిగించారు. కోనసముద్రం ఉక్కు కత్తులకు పేరు పడి దూరదేశాలకు పోయింది. ఆ కొలుముల దగ్గర పారబోసిన చిట్టెమే ఈనాటికీ కుప్పలుగా వుంది. 2010లో పరిశోధకులు ఈ ప్రాంతమంతా తిరిగి అలాంటి చోట్లు ఎన్నో గుర్తించారు. అది మన తాతముత్తాతల పనితనానికి గుర్తు, చిన్నచూపు చూడవలసింది కాదు. కాని ఆకాశపు రాయి మాత్రం కాదు.

ఈ తేడా తెలియకపోవడం వల్లనే సంసారాలు గుల్లవుతున్నాయి. పిడుగు పడిన రాయనీ, చెంబనీ చూపించి, ఇది బియ్యపు గింజల్ని లాగుతుంది, విదేశాల వాళ్ళు కోట్లు పెట్టి కొంటారు, పరీక్షకు ముందుగా మీరు కొంత కట్టండి అని చెప్పే మోసగాళ్ళు మన తెలుగు నాట తక్కువ లేరు. రైస్ పుల్లింగ్ అంటారు దాన్ని. మగవాళ్ళు ఆశపడి పుస్తెలతాడు అడిగిన ఇళ్ళున్నాయి. బియ్యాన్ని లాగే రాయి భూమి మీదా లేదు, ఆకాశంలోనూ లేదు. ఆ మాట ఎవరన్నా మీ గడప దాటనివ్వకండి.

నిజంగా అనుమానం వచ్చే రాయి దొరికితే ఇంట్లోనే కొన్ని సంగతులు చూడవచ్చు.

ఒకటి, విరిగిన చోట బుడగల గుంటలు, స్పంజిలాంటి తొర్రలు వున్నాయా? వుంటే చిట్టెం కావడానికే ఎక్కువ వీలుంది.

రెండు, పింగాణీ కప్పు అడుగున మెరుగు లేని గరుకు అంచు వుంటుంది చూడండి, దాని మీద రాయి అంచును గీయండి. ఎర్రటి గీతో, నల్లటి గీతో పడితే అది మన భూమిలోని ఇనుప ఖనిజం.

మూడు, సూదులు ఏరుకునే చిన్న అయస్కాంతాన్ని దారానికి కట్టి దగ్గరగా పట్టండి. చాలా ఉల్కాశిలలు దాన్ని లాగుతాయి. అయితే చిట్టెమూ లాగవచ్చు, కనుక ఇదొక్కటే చాలదు. పెద్ద అయస్కాంతాన్ని మాత్రం రాయికి తాకించవద్దు. కోట్ల ఏళ్ళ నుంచి ఆ రాయి దాచుకున్న అయస్కాంత గుర్తులు చెరిగిపోతాయి.

నాలుగు, పైన పలుచటి నల్లటి పొర, విరిగిన చోట లోపల లేతరంగు, అందులో మెరిసే లోహపు రేణువులు కనిపిస్తే అప్పుడు ఆలోచించాలి.

ఇవన్నీ కుదిరినా మీ అంతట మీరు తేల్చకండి. ఎప్పుడైనా ఎదుట రాయి పడిన సంగతి తెలిస్తే, కడగవద్దు. పసుపూ కుంకుమా అద్దవద్దు, నూనె రాయవద్దు. తలా ఒక ముక్క పంచుకుందామని పగలగొట్టవద్దు. భక్తి తప్పని నేను అనను. కాని పసుపు అద్దిన రాయి తన పుట్టింటి కబురు మనకు చెప్పలేదు. పడిన చోటు ఫొటో తీయండి, వేళ రాసుకోండి, పొడి కాగితంలో చుట్టి శుభ్రమైన డబ్బాలో పెట్టి, తహసీల్దారు గారికో, హైదరాబాదు బండ్లగూడలోని జియొలాజికల్ సర్వే వారికో కబురు చేయండి. ఈ ఒక్క సంగతి మీ పిల్లలకూ, పల్లెలో వున్న మీ పుట్టింటి వాళ్ళకూ చెప్తే చాలు.

మంచు ఖండంలోని రాళ్ళు కూడా ఎల్లకాలం మన కోసం కూర్చోవు. నల్లటి రాయి ఎండకు త్వరగా వేడెక్కుతుంది. గాలి ఏమాత్రం వెచ్చబడినా కింది మంచు కరిగి రాయి లోపలికి దిగిపోతుంది. భూమి వేడెక్కుతున్న కొద్దీ ఇలా ఏటా సుమారు 5,000 ఉల్కాశిలలు చేతికి అందకుండా పోతున్నాయని 2024లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. వాటిలో ఇంకొక అంగారకుడి రాయి వుందో, ఇప్పటి వరకూ ఇంటిపేరే పెట్టని కొత్త జాతి వుందో ఎవరికి తెలుసు! అందుకే ఇప్పుడు అక్కడికి వెళ్ళే వాళ్ళు తొందరపడుతున్నారు. సూర్యకుటుంబం పుట్టినప్పటి సంగతులు చెప్పడానికి ఆ రాళ్ళ కంటే పెద్ద సాక్ష్యం మనకు లేదు.